డప్పు ఆపించిన దాలమ్మ

ఊ కొట్టేవాళ్ళుంటేనే సాగే కథ ఇది. వింటున్నారా? అయితే వినండి.

తాతల తాతలు ఉగ్గుపాలు తాగే కాలంలో, సముద్రానికీ కొండలకీ నడుమ ఒక పెద్ద బీల ఉండేది. బీలంటే నడి వేసవిలో కూడా నీరు ఇంకని పల్లపు నేల. ఆ బీల నిండా తుంగ. ఒడ్డున తుంగపాలెమని ఒక చిన్న ఊరు. ఆ ఊరివాళ్ళు తుంగ కోసేవారు, తుంగ ఎండబెట్టేవారు, తుంగతో చాపలు నేసేవారు. చాపల్లేకపోతే ఆ ఊళ్ళో పొయ్యి వెలగదు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒకతె. పొట్టి మనిషి, మాటకారి కాదు. పెళ్ళికి పిలిస్తే గోడవారన కూర్చునేది. నలుగురు నవ్వితే తనూ నవ్వేది. మొగుడు గవరయ్య తుంగ కోసుకొస్తే ఆమె చాప నేసేది. కన్న పిల్లలు కన్నట్టే పోయారు. ఇంట్లో ఉయ్యాల కట్టిన తాడు దూలానికి అలాగే వేలాడుతుండేది. విప్పడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

ఆ ఏడు కొండల అవతలినుంచి దండు దిగింది. ఎవరి దండో, ఎవరి మీద కోపమో ఎవరికీ తెలీదు. డప్పులొచ్చాయి, గుర్రాలొచ్చాయి, నిప్పొచ్చింది. ఎగువ ఊళ్ళు కాలిపోయాయి. దండు పోయాక దిగువ ఊళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకెళ్ళి, బతికున్న పిల్లల్ని ఎక్కించుకొచ్చారు. అందులో ఒక బండి తుంగపాలెంలో ఆగింది.

"పెంచుకునేవోళ్ళు రండర్రా!" అని ఊరిపెద్ద కామునాయుడు కేకేశాడు.

నవ్విన పిల్లని ఒకరు ఎత్తుకున్నారు. ఏడ్చిన పిల్లాణ్ణి ఒకరు ఎత్తుకున్నారు. నిద్రపోతున్న పసిదాన్ని ఒకరు ఎత్తుకున్నారు. ఆఖరికి ఒక పిల్ల మిగిలిపోయింది. ఐదారేళ్ళుంటాయేమో. బండి మూలలో ముడుచుకుని ఉంది. నవ్వదు, ఏడవదు, రెప్ప వెయ్యదు. దగ్గరికెళ్ళిన వాళ్ళనల్లా కరిచింది. బండివాడి ముంజేతికి గుడ్డ కట్టుంది.

"ఈ గుంట పాతరలో దొరికినాది. మాటా పలుకూ లేదు. ఎవులకీ వద్దంటే ఏ సత్రంలోనో దింపేస్తాను" అన్నాడు బండివాడు.

గుంటంటే ఆ వైపు ఆడపిల్ల. పాతరంటే నేలలో లోతుగా తవ్వి ధాన్యం దాచే గొయ్యి. పైన మూత, లోపల చీకటి.

"ఒక్కత్తే ఉన్నాదా అందులో?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. అడిగింది దాలమ్మ.

బండివాడు మొహం తిప్పుకున్నాడు. "అడక్కు తల్లీ" అన్నాడు.

దాలమ్మ ఇంకేమీ అడగలేదు. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "నాకియ్యండి" అంది. ఊరు నోరెళ్ళబెట్టింది. అందరికన్నా పెద్దగా నోరెళ్ళబెట్టినవాడు గవరయ్య.

ఇంటికి తెచ్చుకున్నారు. గవరయ్య ఒక పేరు పెడదామన్నాడు.

"వాళ్ళమ్మ ఒక పేరెట్టే ఉంటాది మావా. దాన్ని మనమెందుకు తుడిపీడం? అదే సెప్తాది, సూద్దాం" అంది దాలమ్మ. అప్పటిదాకా "తల్లీ" అనే పిలిచింది. ఊరు మాత్రం "కరిసే గుంట" అని పిలిచింది.

పెట్టిన అన్నం పిల్ల తినేది. మళ్ళీ పెట్టినా తినేది. పొట్ట నిండినా తినేది. సరే, ఆకలి తీరని పిల్ల అనుకున్నారు. కొన్నాళ్ళకి ఇంట్లో వాసన మొదలైంది. ఎలక చచ్చిందేమోనని గవరయ్య చూరంతా వెతికాడు. ఏమీ దొరకలేదు. దాలమ్మ పిల్ల పడుకునే చాప ఎత్తింది. ఎత్తి, అలాగే నిలబడిపోయింది. చాప కింద అన్నం ముద్దలు, చేప తలకాయలు, బూజుపట్టిన గంజి మెతుకులు. పురుగులు పాకుతున్నాయి. వాటి మీదే ఆ పిల్ల రోజూ పడుకుంటోంది.

దాలమ్మ అన్నీ చేటలోకి ఎత్తి పెంటమీద పోసింది. అంతే, ఆ పిల్ల పెంటకేసి పరుగెత్తింది. పురుగులు పట్టిన ముద్దల్ని రెండు చేతులతో నోట్లో కుక్కుకుంది. ఆపబోయిన దాలమ్మ వేలు ఎముక కనిపించేదాకా కొరికింది.

మర్నాడు దాలమ్మ సంతకెళ్ళి ఒక బుల్లి కుండ తెచ్చింది. దాని నిండా అటుకులు పోసి పిల్లకి అందేలా గూట్లో పెట్టింది. "ఇది నీదే తల్లీ. నాను ముట్టను, మావ ముట్టడు. తరిగితే మళ్ళీ పోస్తాను" అంది. పిల్ల నమ్మలేదు. కుండ ఖాళీ చేసి చూసింది. దాలమ్మ పోసింది. మళ్ళీ ఖాళీ చేసింది. మళ్ళీ పోసింది.

ఒకరోజు ఎండపూట పిల్ల గడపలో కూర్చుని ఉంది. తల జడలు కట్టి ఉంది. దాలమ్మ గోరువెచ్చటి నూనె తెచ్చి, వెనకనుంచి వచ్చి, మాడు మీద చెయ్యి వేసింది. పిల్ల గిర్రున తిరిగింది. దాని చేతిలో తుంగ చీల్చే కత్తి ఉంది. ఎప్పుడు తీసిందో తెలీదు. దాలమ్మ చెక్కిలి చెవిదాకా తెగింది. నూనెలో నెత్తురు పడింది.

గవరయ్య మండిపోయాడు. "ఇది పిల్ల కాదే, దెయ్యం! రేపు నా పీక కోసేత్తాది. పంపించీ!"

దాలమ్మ పసుపు అద్దుకుంటూ గోడకి చేరగిలబడింది. ఒళ్ళంతా వణుకుతోంది. భయంతోనే వణుకుతోంది. అయినా ఆమె కళ్ళు పిల్ల మీదే ఉన్నాయి. కోసిన పిల్ల కత్తి పారేసి, మూలలో ఒదిగి, తనకంటే ఎక్కువ వణుకుతోంది.

"మావా, అది నన్ను కోయలేదు. వెనకనుంచొచ్చింది ఎవులనుకుందో, ఆళ్ళని కోసినాది" అంది.

ఆ రోజునుంచి దాలమ్మ వెనకనుంచి రావడం మానేసింది. ముందుకొచ్చి, కిందకి కూర్చుని, "నాను వస్తన్నాను తల్లీ. సెయ్యి వేస్తాను. వేయనా?" అని అడిగేది. పిల్ల ఊ అనేది కాదు. దాలమ్మ చెయ్యి వేసేది కాదు. వానలు వెళ్ళి చలి వచ్చింది. ఒకనాడు దాలమ్మ అడగ్గానే పిల్ల తల వంచింది. దాలమ్మ దువ్వెన పట్టుకుని, దువ్వడం మరిచిపోయి, ఏడ్చేసింది.

ఇక గండం గడిచిందనుకున్నారు. వినండి మరి.

కామునాయుడి కూతురి పెళ్ళి కుదిరింది. పీటల కింద పరిచే చాప దాలమ్మనే నెయ్యమన్నారు. దాలమ్మ సన్నతుంగ ఏరి, ఎర్రరంగులో నానబెట్టి, అంచుకి చిలకలు తీర్చి, నెలల తరబడి నేసింది. ఆ పక్కనే పిల్ల కూర్చుని తుంగ అందించేది. ఆ చాప నేసినన్నాళ్ళూ ఆ ఇంట్లో కరవడం లేదు, కోయడం లేదు. గవరయ్య కూడా పిల్లకి తాటిముంజెలు తేవడం మొదలుపెట్టాడు. చాప ముగిసిన రోజున దాలమ్మ బీల అవతలి సంతకి వెళ్ళింది. "పొద్దుగూకేలోపు వచ్చేత్తాను" అని చెప్పే వెళ్ళింది. దారిలో పడవ నిలిచిపోయింది. దీపాలు పెట్టే వేళ దాటాక ఇల్లు చేరింది.

గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయింది. ఇల్లంతా ఎర్రటి తుంగపోగులు. చిలకలు లేవు, అంచు లేదు, చాప లేదు. నడిమధ్య పిల్ల కత్తి పట్టుకు కూర్చుంది.

దాలమ్మ చెయ్యి లేచింది. ఇన్నాళ్ళూ లేవని చెయ్యి లేచి, పిల్ల చెంప మీద పడింది.

పిల్ల ఏడవలేదు, కరవలేదు. తన రెండు చేతులూ తెచ్చి తన నోటికే అడ్డంపెట్టుకుంది. అదిమింది. ఇంకా అదిమింది. ముక్కు కూడా మూసుకుపోయింది. కళ్ళు తేలేస్తున్నాయి, మొహం నల్లబడుతోంది, అయినా చేతులు తియ్యడం లేదు. ఏ పిల్లైనా దెబ్బ తింటే ఏడుస్తుంది. ఈ పిల్ల తన ఏడుపును తానే చంపుతోంది.

దాలమ్మ ఆ చేతులు లాగిపారేసింది. "ఏడువు తల్లీ, ఏడువు! నాను కొట్టినాను, తప్పు నాది. ఆలీసమైపోయింది, భయపడ్డావు. ఈ ఇంట ఏడిస్తే ఎవులూ ఏటీ అనరు. గట్టిగా ఏడువు!" అంటూ తనే గొల్లుమంది. పిల్ల మిటకరించి చూసింది తప్ప ఏడవలేదు. దాలమ్మ కన్నీళ్ళని వేలితో ముట్టుకుని చూసింది. అంతే.

దాలమ్మ మళ్ళీ తుంగ నానబెట్టింది. ఇంకో చాప నేసింది. ఎందుకు ఆలస్యమైందని కామునాయుడు గద్దిస్తే "నా సేతులు బాగోలేదు బాబూ" అంది.

పెళ్ళిరోజు వచ్చింది. మిట్టమధ్యాహ్నం. మగపెళ్ళివారు బీల గట్టు మీదుగా తరలివస్తున్నారు. పెళ్ళికొడుకు గుర్రం మీద. ముందు డప్పులు, వెనక సన్నాయి. ఊరంతా పందిట్లో ఉంది. దాలమ్మ చాప పరుస్తోంది. పక్కింటి సూరమ్మ తన చంటివాణ్ణి వసారా ఉయ్యాలలో నిద్రపుచ్చి, పెళ్ళికొడుకుని ఒక్కసారి చూసి వద్దామని వచ్చింది. చూసి వెనక్కి వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే కేక వినిపించింది.

"నా కొడుకు లేడు! ఓలమ్మో, ఉయ్యాల్లో నా కొడుకు లేడు!"

పందిరి ఖాళీ అయింది. వసారా చూశారు, పెరడు చూశారు, బావి చూశారు. దాలమ్మ ఇంట్లో పిల్ల లేదు. గూట్లో కుండ లేదు. బీల ఒడ్డున బురదలో చంటివాడి గుడ్డ దొరికింది.

ఆ గుడ్డ చూసి సూరమ్మ కుప్పకూలింది. "అదే! ఆ రాకాసే! నీళ్ళల్లో తోసీసింది! దాలమ్మప్పా, నీ ఇంట పామునెట్టుకుని పెంచినావు, అది నా కడుపు కాటేసినాది!"

ఎవరో కర్ర తీశారు. ఇంకెవరో రాయి తీశారు. దాలమ్మకి తన చెక్కిలి మీది గాటు గుర్తొచ్చింది. పిల్ల చేతిలోని కత్తి గుర్తొచ్చింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, దాలమ్మ కూడా నమ్మింది.

ఊళ్ళో జరిగింది గట్టు మీది మగపెళ్ళివారికి తెలీదు. వాళ్ళు దగ్గరికొస్తున్నారు. డప్పులు దగ్గరవుతున్నాయి. గుర్రం సకిలించింది.

దాలమ్మ గిర్రున గట్టు వైపు తిరిగింది. డప్పులు. గుర్రం. ఎగువ ఊరు. "పాతరలో దొరికినాది."

పొట్టి మనిషైనా ఒకటే పరుగు తీసింది. బీల ఒడ్డునే ఉన్న కళ్ళం వెనక సూరమ్మ అత్తవారి పాత పాతర ఉంది. వాడడం మానేశారు కాబట్టి ఖాళీ. మూత మీద కప్పిన ఎండుగడ్డి చెదిరి ఉంది. దాలమ్మ నేలకి చెవి ఆనించింది. నేల లోపలినుంచి పసివాడి ఏడుపు వినిపించింది.

మూత లాగింది. అప్పటికే కర్రలు పట్టుకుని జనం వచ్చిపడ్డారు. వాళ్ళకి అడ్డంగా గవరయ్య వచ్చాడు. పిల్లని దెయ్యమన్న గవరయ్యే వచ్చి, పాతర మూతి పక్కన నేలమీద అడ్డంగా పడుకున్నాడు. "దిగేవోడు నా మీద కాలేసి దిగండి" అన్నాడు. ఎవరూ కాలెత్తలేదు. దాలమ్మ లోపలికి దిగింది.

చీకటిలో పిల్ల గోడకి వీపు ఆనించి కూర్చుంది. ఒళ్ళో చంటివాడు, పక్కన అటుకుల కుండ. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పిల్ల రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. ఒళ్ళంతా గడగడలాడుతోంది. చేతులు మాత్రం బయటికి రానివ్వడం లేదు.

"నాను తల్లీ, దాలమ్మని. వస్తన్నాను."

అప్పుడు ఆ పిల్ల నోరు విప్పింది. ఆ ఊళ్ళో అదే దాని మొదటి మాట.

"మూయలేదు" అంది.

"ఏటి తల్లీ?"

"ఈడి నోరు మూయలేదు. గుర్రాలొచ్చినా మూయలేదు." పళ్ళు టకటకలాడుతున్నాయి. "అప్పుడు మూసినాను. అమ్మ తమ్ముణ్ణి నాకిచ్చి మూతేసినాది. ఏడవనీకు, ఏడిస్తే వింటారు అంది. ఆడు ఏడిసినాడు. మూసినాను. గుర్రాలు ఎల్లిపోయినాయి. సెయ్యి తీసినాను. ఆడు ఏడవలేదు."

పాతరలో మాట పైకి మోగుతుంది. పైన ఉన్నవాళ్ళందరూ విన్నారు. కర్రలు పట్టినవాళ్ళు విన్నారు. సూరమ్మ విన్నది. కామునాయుడు విన్నాడు.

"నువ్వే ఏడవమన్నావు కదా" అంది పిల్ల. "ఏడిస్తే ఏటీ అనరన్నావు. అందుకని ఈణ్ణి ఏడవనిచ్చినాను."

తన మాటలు రాతి మీద పోసిన నీళ్ళనుకుంది దాలమ్మ ఇన్నాళ్ళూ. ఒక్క చుక్కా వృథాగా పోలేదు. మెల్లిగా కూర్చుంది. "సెయ్యి వేస్తాను తల్లీ, వేయనా?" అంది. పిల్ల తల ఊపింది. దాలమ్మ దాన్ని, చంటివాణ్ణి కలిపి ఒళ్ళోకి తీసుకుంది.

"నీ పేరేటి తల్లీ?"

"ముత్యాలు."

డప్పులు ఇంకా మోగుతున్నాయి. మోగినప్పుడల్లా ముత్యాలు ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది. గోడవారన కూర్చునే దాలమ్మ, మాటకారి కాని దాలమ్మ, పాతరలోంచి ఊరంతా అదిరేలా అరిచింది.

"డప్పు ఆపండి!"

కామునాయుడు ఉలిక్కిపడ్డాడు. "పెళ్ళి డప్పు ఆపితే అరిష్టమే దాలమ్మా! నా కూతురి బతుకు..."

"నా కూతురు బతుకు ఇక్కడుంది బాబూ!"

గవరయ్య లేచి గట్టుమీదికి పరుగెత్తాడు. డప్పుల గుంపుకి పెద్ద పైడయ్య. అరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళూ చావులూ చూసిన ముసలివాడు. గవరయ్య వగరుస్తూ నాలుగు ముక్కలు చెప్పాడు. పైడయ్య కర్రపుల్ల కిందపెట్టాడు. మెడలోంచి డప్పు తీసి, మొహం నేలకి తిప్పి పెట్టాడు. తక్కినవాళ్ళూ పెట్టారు. సన్నాయి ఆగింది. పెళ్ళికొడుకు గుర్రం దిగి, దాన్ని వెనక్కి పంపేశాడు. నడివేసవి మధ్యాహ్నం ఆ పెళ్ళి అడుగుల చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేకుండా ఊళ్ళోకి నడిచింది. అలాంటి పెళ్ళి ముందెవరూ చూడలేదు.

ముత్యాలు పైకొచ్చింది. సూరమ్మ కొడుకుని లాక్కుని గుండెకి హత్తుకుంది. ఒళ్ళంతా తడిమింది. గీత కూడా లేదు. వాడు ఏడుపాపి పాలకి తడుముకున్నాడు. సూరమ్మ ముత్యాలుని చూడలేక నేల చూసింది. నేల చూస్తూనే "ఈడు పాలు తాగుతాడు. పక్కన కూకుంటావేటే?" అంది. ముత్యాలు కూర్చుంది. వాడు గుటకలు వేయడం చూస్తూ చూస్తూ, ఒక్కసారిగా బావురుమంది. ఎన్నాళ్ళ ఏడుపో అది. ఊరంతా నిలబడింది. ఊరుకోమని ఎవరూ అనలేదు.

ఆ పెళ్ళికి అరిష్టమేమీ పట్టలేదు. కామునాయుడి కూతురు కడుపు చలవ పిల్లల్ని కని చల్లగా కాపురం చేసింది.

ముత్యాలు ఆ ఒక్కరోజుతో బాగైపోయిందనుకోకండి. తరవాత కూడా కరిచింది, దాచింది, పారిపోయింది. ఉరుము ఉరిమితే మంచం కింద దూరేది. దాలమ్మ కూడా ఒక్కోసారి విసిగిపోయి బీల ఒడ్డుకెళ్ళి ఏడ్చి వచ్చేది. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది. అలా పెరిగింది ముత్యాలు. చాపలు నేసింది. తోడు చూసుకుంది. బిడ్డని కన్నది. ఆ బిడ్డ మొదటిసారి కెవ్వుమన్నప్పుడు మంత్రసాని ఊరుకోబెట్టబోతే, "వద్దు, వింటాను" అందట.

దాలమ్మ పండుటాకై రాలిపోయింది. ఆమె శవం లేచే వేళకి పైడయ్య కొడుకులు వచ్చారు. డప్పులు లేకుండా వచ్చారు. ముత్యాలు ఉన్న ఇంటికి డప్పు తేకూడదని వాళ్ళ అయ్య చెప్పి పోయాడు. ముత్యాలు గుమ్మంలో నిలబడి వాళ్ళ వట్టి చేతులు చూసింది.

"మాయమ్మని ఇలా ఎత్తుకుపోతారేటి? దిక్కులేనిదా? తెండి. వాయించండి" అంది.

డప్పు తెచ్చారు. మొదటి దెబ్బకి ముత్యాలు ఒళ్ళు ఎగిరిపడింది. సూరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. వీధి చివరిదాకా నడిచింది. అక్కడ కాళ్ళు నిలవక కూలబడింది. డప్పు ఆపబోయారు. "ఆపకండి" అంది చెవులు మూసుకుని. దాలమ్మ డప్పు మోతతోనే వెళ్ళింది.

ఇప్పటికీ బీల చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి డప్పు వీధి మొదట్లో ఆగుతుంది. పెద్ద వాయిద్యగాడు డప్పు దించి, ముందుకు నడిచి, "పిల్లలూ, పెళ్ళొస్తన్నాది! మనోళ్ళే!" అని కేకేస్తాడు. ఆ తరవాతే వాయిస్తారు, అదీ మెల్లిగా మొదలుపెట్టి. ఎవరి బిడ్డనైనా తెచ్చి పెంచుకునే తల్లికి, ఆ పిల్ల రాకముందే, ఊరివాళ్ళు అటుకులు నింపిన చిన్న కుండ ఇచ్చి వెళ్తారు.

అక్కడ ఏడ్చే పిల్లని ఊరుకోమనరు. పక్కన కూర్చుంటారు. "ఏడువు తల్లీ, దాలమ్మ వింటాది" అంటారు.